అమ్మ చీరలు, అయిదు పొరల బొంత

బ్యాంకు ఉద్యోగుల ఇళ్ళలో రెండు వస్తువులు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. ఒకటి, ట్రాన్స్‌ఫర్లకి దాచుకున్న అట్టపెట్టెలు. రెండోది, ఆ అట్టపెట్టెల అడుగున కట్టుకోనూ కట్టుకోక, పారేయనూ పారేయక దాచిన పాత చీరలు. కాకినాడ నుంచి ముజఫర్‌పూర్‌కి, అక్కణ్ణుంచి పుణేకి, ఆఖరుకి హైదరాబాదుకి మేము సామాన్లు సర్దుకుని తిరిగిన ప్రతిసారీ ఆ పెట్టె మాతోనే వచ్చింది. "దీన్నేం చేస్తావు?" అని మా ఆయన ప్రతి ఊళ్ళోనూ అడిగేవారు. "బొంత కుడతాను" అని నేను ప్రతి ఊళ్ళోనూ చెప్పేదాన్ని.

చివరికి కుట్టాను. మొదటిది పాడు చేశాను. అది మా అమ్మ చీరలతో కుట్టినది. రెండోది నిలిచింది. ఈ రెండింటికీ మధ్య నేను నేర్చుకున్నది మీకు చెబుదామనే ఈ వ్యాసం. బొంత కుట్టడంలో కష్టం కుట్టులో లేదు. సూదిలో దారం ఎక్కించగలిగిన వాళ్ళెవరైనా కుట్టగలరు. కష్టమంతా ఏ గుడ్డ పైకి, ఏ గుడ్డ లోపలికి, ఏది అసలు వద్దు అని తేల్చుకోవడంలో ఉంది.

మొదటి బొంత ఎలా పోయింది

అమ్మ పోయాక ఆవిడ నూలు చీరలు తొమ్మిది మిగిలాయి. అక్క నాలుగు తీసుకుంది, నేను అయిదు. నెల తిరక్కుండానే నా అయిదూ కత్తిరించేశాను. ఆ దుఃఖంలో ఏదో ఒకటి చేతులతో చేస్తూ ఉండాలనిపించింది తప్ప, ఆలోచన లేదు. బజారుకెళ్ళి పాలిస్టర్ దూది షీటు తెచ్చి మధ్యలో పెట్టాను. గట్టిగా ఉంటుందని పాలిస్టర్ దారం వాడాను. త్వరగా అవుతుందని జానెడు ఎడంగా గళ్ళు గళ్ళుగా మిషన్ మీద కుట్టేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

మొదటిసారి ఉతికేసరికి మెరూన్ చీర రంగు వదిలి పక్కనున్న గంధం రంగు చీరంతా పట్టింది. రెండోసారికి లోపలి దూది ఒక్కో గడిలో ఒక మూలకి చేరి ఉండలు కట్టింది. మూడోసారికి అమ్మ రోజూ కట్టుకున్న నీలం చీర కుట్టు వెంబడి కోసినట్టుగా చిరిగిపోయింది. దుకాణంవాడి తప్పేమీ లేదు. ఆ దూది దాని పనికి అది మంచిదే. తప్పు నాది. మడిచి అటక మీద పెట్టేశాను. అక్క ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

మూడేళ్ళ తర్వాత అక్క కూతురికి పాప పుట్టింది. అక్క తన దగ్గరున్న నాలుగు చీరలూ సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"పాపకి అమ్మ బొంత కావాలే. నువ్వే కుట్టు" అంది.

"నా చేతికిస్తున్నావేంటే అక్కా? అయిదు పాడు చేశాను కదా!"

"అందుకేనే. నీవి ఎలా పాడయ్యాయో నీకు తెలుసు. నాకు అదీ తెలీదు."

ఆ రాత్రి ఆ నాలుగు చీరలూ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను కానీ కత్తెర ముట్టుకోలేదు. మర్నాడు మా అత్తయ్యగారిని కూర్చోబెట్టి మొదటినుంచీ అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఏటా సంక్రాంతి పనులు తీరాక అరుగు మీద బొంతలు కుట్టేవారట.

వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది

ముందు ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. బొంత వెచ్చగా ఉండటానికి కారణం గుడ్డ మాత్రమే కాదు, గుడ్డ పొరల మధ్య కదలకుండా ఆగిపోయిన గాలి. మన ఒంటి వేడి ఆ గాలిని దాటుకుని బయటికి పోవడం కష్టం. అందుకే ఒక్క దళసరి దుప్పటి కన్నా పల్చటి గుడ్డలు నాలుగయిదు పొరలుగా వేసినది హాయిగా ఉంటుంది.

ఇంకో సంగతి చెమట. నూలు గాలిలోని తేమను తన బరువులో సుమారు 8 శాతం దాకా పీల్చుకుని కూడా పొడిగానే ఉన్నట్టు ఉంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో పాలిస్టర్ దూది బొంత కప్పుకుంటే అర్ధరాత్రికి జిడ్డుగా, ఉక్కగా అనిపించేది ఇందుకే. మంచు పడే ఊళ్ళో, పొడి చలిలో అదే దూది తేలిగ్గా, వెచ్చగా పని చేస్తుంది. మీ పోస్టింగు ఎక్కడో చూసుకుని లోపలి సరుకు ఎంచుకోవాలన్నమాట.

చీరకి నాలుగు పరీక్షలు

మా ఆయన లోన్ ఫైలు చూసినట్టే చీరని కూడా చూడాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటేనే ముందుకి వెళ్ళాలి.

మొదటిది వెలుతురు పరీక్ష. "అమ్మాయీ, చీరని కిటికీకి అడ్డంగా పట్టి చూడు" అన్నారు అత్తయ్య. మామూలుగా మడతపెట్టి చూస్తే కనబడని నలుగుడు చోట్లు వెలుతురులో జల్లెడలా కనిపిస్తాయి. పాత చీరలు ముఖ్యంగా మూడు చోట్ల నలుగుతాయి. కూర్చునే చోట, కుచ్చెళ్ళు దోపుకునే చోట, ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ మడత వెంబడి. కొంగు వైపూ లోపలి చుట్టు వైపూ గుడ్డ సాధారణంగా గట్టిగా ఉంటుంది. వెలుతురుకి పట్టి, పల్చబడిన చోట్ల చుట్టూ సబ్బుముక్కతో గీత గీయండి.

రెండోది బొటనవేళ్ళ పరీక్ష. రెండు బొటనవేళ్ళూ దగ్గరగా పెట్టి గుడ్డని అటూ ఇటూ లాగండి. చప్పుడు లేకుండా విడిపోతే అది పైగుడ్డకి పనికిరాదు. లాగినా నిలిస్తే పనికొస్తుంది. నిలువునా, అడ్డంగా రెండు వైపులా లాగి చూడాలి. ఒక వైపు పోగులు గట్టిగా ఉండి, రెండో వైపు పోగులు చచ్చిపోయిన చీరలు చాలా ఉంటాయి.

మూడోది రంగు పరీక్ష. చీర మూల ఒకటి తడిపి, దాని మీద తెల్లటి చేతిరుమాలు వేసి, వేడి ఇస్త్రీ పెట్టెతో పది సెకన్లు నొక్కండి. రుమాలుకి రంగు అంటితే ఆ చీరని విడిగా ఉతుకుతూ నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఆగాలి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందని నేనూ నమ్మాను. మెరూన్ చీరని అలాగే నానబెట్టాను, ఆగలేదు. అలా ఎంతకీ రంగు ఆగని చీర ఉంటే, ముదురు రంగులన్నీ కలిపి వేరే బొంత కుట్టుకోవడం మేలు. లేత రంగు పక్కన మాత్రం పెట్టకండి.

నాలుగోది నిప్పు పరీక్ష. కాటనే అని నమ్మి కొన్నవాటిలో కూడా కలనేత ఉంటుంది. అంచు దగ్గర నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ళు పోసిన స్టీలు పళ్ళెం మీద అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి ఉండ వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. పిల్లల్ని దూరంగా ఉంచి చేయండి.

అక్క తెచ్చిన నాలుగింటికీ ఈ పరీక్షలు చేశాను. మూడు నెగ్గాయి. నాలుగోది, అమ్మ మా పెళ్ళిళ్ళకి ముందు నుంచీ కట్టుకున్న ఆకుపచ్చ చీర, బొటనవేళ్ళ పరీక్షలోనే విడిపోయింది. దాన్ని పక్కన పెట్టేయడానికి మనసొప్పలేదు. అత్తయ్య చూసి, "అది పైకి పనికిరాదు కానీ లోపలికి బంగారం. ఎంత నలిగితే సూదికి అంత మెత్తన" అన్నారు. బొంతలో పైకి పనికిరానిది వృథా కాదు. దాని చోటు లోపల. ఆ మాటతో సగం భయం పోయింది.

ఏ చీర దేనికి

మంగళగిరి, నారాయణపేట, వెంకటగిరి లాంటి నూలు చీరలు ఎన్నోసార్లు ఉతికాక మెత్తబడి బొంతకి చక్కగా ఒదుగుతాయి. పొందూరు ఖద్దరు పంచెలు, కండువాలు ఉంటే లోపలి పొరకి వాటిని మించినవి లేవు. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ ఉతికితే ఒకేలా కుదించుకోవు, కాబట్టి అంచు విడదీసి ఒంటి గుడ్డ మాత్రమే వాడండి. జరీ ఎంత అందంగా ఉన్నా తీసేయాలి. అది చర్మానికి గుచ్చుకుంటుంది, ఉతికేటప్పుడు పోగులు లేస్తాయి.

జార్జెట్, షిఫాన్, క్రేప్ చీరలు మన చేతుల్లో నిలవవు, కుట్టు కింద జారిపోతాయి. పాత జీన్సు, సోఫా గుడ్డల వంటివి బరువు. చేతిసూది దిగదు. కొత్త దుప్పటి గుడ్డ నేత బిగుతు కూడా అంతే, రెండు పొరలు దాటేసరికి వేలు నొప్పి పుడుతుంది. వాడగా వాడగా మెత్తబడిన గుడ్డే మన సరుకు.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఒకటుంది. పక్కపక్కనే అతికే గుడ్డలు ఇంచుమించు ఒకే బరువు, ఒకే వయసు ఉండాలి. నలిగిన చీరకి గట్టి కొత్త గుడ్డ అతికిస్తే, గట్టిది లాగుతుంది, నలిగినది చిరుగుతుంది. ఎప్పుడు చిరిగినా అతుకు పక్కనే చిరుగుతుంది.

కొత్త గుడ్డ వాడక తప్పనప్పుడు, అంటే అడుగు గుడ్డకో అంచుపట్టీకో, ముందు రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దాకా కుదించుకోవచ్చు. 7 అడుగుల పొడవులో 5 శాతం అంటే నాలుగు అంగుళాలు. పాత చీర ఎప్పుడో కుదించుకుని ఉంటుంది, ఇక కదలదు. రెండూ కలిస్తే బొంత ముడతలు పడి ముడుచుకుంటుంది. పాత చీరల్లో గంజి ఉంటే పూర్తిగా వదిలించండి, లేదంటే పురుగు పడుతుంది.

మధ్యలో ఏం పెట్టాలి

నేను దెబ్బతిన్నది ఇక్కడే, కాబట్టి ఒక్కొక్కటీ విడిగా చెబుతాను.

పాత చీరలు, పంచెలు: మన బొంతకి అసలైన లోపలి సరుకు ఇదే. ఖర్చు లేదు, ఉండ కట్టదు, ఏ వైపుకీ జారదు, ఎన్నిసార్లయినా ఉతకొచ్చు. దూదిలా ఉబ్బుగా మాత్రం ఉండదు. మన ఊళ్ళ చలికి మధ్యలో మూడు పొరలు చాలు.

విడి దూది: పూర్వం దూదేకులవారు ఇంటికొచ్చి విల్లుతో దూది ఏకి పరుపులకీ రజాయిలకీ నింపేవారు. ఏకిన దూది ఎంతో వెచ్చగా ఉంటుంది కానీ, అందులోని పోగులకి ఒకదానితో ఒకటి బంధం తక్కువ. రెండు మూడు అంగుళాలకి ఒక కుట్టు పడకపోతే జరిగిపోతుంది. నీళ్ళలో వేస్తే ముద్ద కడుతుంది. ఉతకకుండా పైన గలీబు మార్చుకునే రజాయికి అది సరి. తరచూ ఉతికే బొంతకి వద్దు.

బూరుగు దూది: దిండ్లకి చాలా హాయి. కానీ దాని పోగు నున్నగా, పెళుసుగా ఉంటుంది, వడకడానికే లొంగదు. పల్చగా పరిచి కుట్టే బొంతలో అది ఒక చోట నిలవదు.

నూలు దూది షీటు: దుకాణాల్లో చుట్టలుగా అమ్ముతారు. సూదులతో పొడిచి పోగుల్ని పెనవేసినది అడగండి. అది చీలిపోదు, కుట్లు కొంచెం ఎడంగా ఉన్నా ఓర్చుకుంటుంది. ఎంత ఎడం దాకా కుట్టవచ్చో ప్యాకెట్ మీద ఉంటే తప్పక చదవండి. మందాన్ని జీఎస్ఎమ్‌లో చెబుతారు, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. మన వాతావరణానికి 100 నుంచి 150 చాలు. ఇదీ కుదించుకునేదే కాబట్టి ముందుగా తడిపి ఆరబెట్టుకోండి, కానీ పిండకండి.

పాలిస్టర్ షీటు: తేలిక, త్వరగా ఆరుతుంది, ఉబ్బుగా ఉంటుంది. చలి ఊళ్ళలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. కానీ పైన నలిగిన పాత చీర వేస్తే రెండింటికీ పొత్తు కుదరదు. కుట్లు దగ్గరగా వేయకపోతే నాకైనట్టే అవుతుంది. వేడికి కరిగే గుణం ఉంది కాబట్టి దాని మీద వేడి ఇస్త్రీ పెట్టకూడదు.

పాత ఉన్ని దుప్పటి: పల్చబడిన ఉన్ని దుప్పటి ఒక పొరగా వేస్తే చాలా వెచ్చన. కానీ వేడి నీళ్ళలో ఉతికితే ఉన్ని బిగుసుకుపోతుంది. చన్నీళ్ళలో చేత్తో ఉతకగలనంటేనే పెట్టుకోండి.

ఇవన్నీ విన్నాక అత్తయ్య ఒక ప్రశ్న వేశారు. "ఆరేసుకునే చోటు ఉందా?" ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. మాది మూడో అంతస్తు, చిన్న బాల్కనీ. తడిసిన బొంత పొడిగా ఉన్నప్పటి బరువుకి రెట్టింపు పైనే తూగుతుంది. ఎండ తగలని చోట ఆరేస్తే లోపలి పొరలో తేమ నిలిచి బూజు వాసన వస్తుంది. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు అయిదు పొరలు దాటకపోవడం మంచిది. డాబా ఉన్నవాళ్ళు ఏడెనిమిది వేసుకోవచ్చు.

లెక్క

మామూలు చీర పొడవు 5.5 మీటర్లు, పన్నా దాదాపు 1.15 మీటర్లు. ఒక మనిషి కప్పుకునే బొంత 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, అంటే 1.5 మీటర్లకి 2.1. ఒక చీర నుంచి 2.1 మీటర్ల ముక్కలు రెండు వస్తాయి. వాటిని పక్కపక్కన అతికితే ఒక పొర అయ్యి, 80 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. రెండు చీరల పట్టీలు కలిపితే ఇంకో పొర. అంటే ఏ మచ్చా చిరుగూ లేని చీరలు రెండు ఉంటే మూడు పొరలు. చిరుగులు తీసేయాలి కాబట్టి, అయిదు పొరలకి నాలుగయిదు చీరలు దగ్గర పెట్టుకోండి. ఇలాంటి పల్చటి చీర ఒక పొర సుమారు 300 గ్రాములు వస్తుంది. అయిదు పొరలు కలిపితే కిలోన్నర. కప్పుకుంటే బరువు తెలిసీ తెలియనట్టుగా ఉంటుంది.

నూలు చీరని కత్తెరతో కోయకండి. చిన్న గాటు పెట్టి చించండి. పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది. అన్ని పొరల్లోనూ చీర నిలువు పోగు బొంత పొడవు వైపే ఉండాలి. ఐమూలగా పెట్టిన గుడ్డ సాగి బొంత ఆకారమే మారిపోతుంది.

దారం నూలుదే వాడండి. నలిగిన గుడ్డ కన్నా బలమైన పాలిస్టర్ దారం, లాగుడు పడ్డప్పుడల్లా గుడ్డనే కోస్తుంది. నా నీలం చీర అలాగే పోయింది. గుడ్డ, దారం రెండింటిలో ముందు తెగాల్సింది దారమే. దారం తెగితే మళ్ళీ కుట్టుకోవచ్చు. బెంగాలులో కాంతా కుట్టేవాళ్ళు పూర్వం పాత చీర అంచుల్లోంచే రంగు పోగులు లాగి వాటితోనే కుట్టేవారు. గుడ్డకీ దారానికీ బలం సరిపోయేది.

నేల మీద పొరలన్నీ ముడతలు లేకుండా పరిచి, నడిమి నుంచి బయటికి పెద్ద పెద్ద టాకాలు వేయండి. ఆ తర్వాత మూడు వేళ్ళ ఎడంతో వరసలుగా రన్నింగ్ కుట్టు. జానెడు ఎడం వద్దు. అన్నీ అయ్యాక టాకాలు విప్పేయండి.

ఊరూరా ఉన్నదే

మేము తిరిగిన ఊళ్ళలో ఈ బొంత ఏదో ఒక పేరుతో ఎదురైంది. అప్పట్లో నేను పట్టించుకోలేదు కానీ, ఇప్పుడు గుర్తొస్తున్నాయి. ముజఫర్‌పూర్‌లో పక్కింటి చాచీజీ మనవడి కోసం పాత చీరలూ ధోవతులూ పొరలుగా పెట్టి కుట్టేవారు. దాన్ని సుజనీ అంటారు. పుట్టిన బిడ్డని మెత్తటి పాత గుడ్డలో పడుకోబెట్టాలనే దానికి మూలం. ఆ జిల్లాలోని భుసురా గ్రామం సుజనీ కుట్టుకి పేరు పొందింది. పుణేలో అదే గోధడీ. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు కుట్టే కవందిలో, మనలా నడిమి నుంచి కాకుండా అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. నాలుగు మూలలా పువ్వులా మడిచిన గుడ్డముక్కలు పెట్టనిదే అది పూర్తయినట్టు కాదు. సింధు, రాజస్థాన్ ఎడారి ప్రాంతాల్లో రల్లీ. వీటన్నిటిలోనూ సూత్రం ఒక్కటే. ఒంటికి అలవాటైన నూలు గుడ్డ, పల్చటి పొరలు, దగ్గర దగ్గర కుట్లు.

మొదటిసారి కుట్టేవాళ్ళకి

అమ్మ చీరల మీద చెయ్యి వేసే ముందు నేను మా ఆయన పాత లుంగీలతో ఒక చిన్న బొంత కుట్టి చూశాను. అమెరికాలో వాడుకలో ఉన్న ఒక పద్ధతి దీనికి సులువు. అందులో అతుకుల అంచులు లోపలికి కాకుండా పైకే వదిలేసి పీచులా లేపుతారు.

8 అంగుళాల చదరాలు 60 కోయండి. దానికి 45 అంగుళాల పన్నా గుడ్డ రెండున్నర మీటర్లు చాలు. మధ్యకి 6 అంగుళాల మెత్తటి చదరాలు 30. పైనొకటి, కిందొకటి, నడుమ చిన్నది పెట్టి, మూల నుంచి మూలకి ఇంటూ గుర్తులా కుట్టండి. ఇలాంటివి 30 అయ్యాక, అర అంగుళం అంచు పైకి ఉండేలా ఒకదానికొకటి అతకండి. వరసకి 5 చొప్పున 6 వరసలు వేస్తే 35కి 42 అంగుళాల బొంత వస్తుంది. బయటి అంచు చుట్టూ కూడా అర అంగుళం లోపలికి ఒక కుట్టు వేయండి. తర్వాత పైకున్న అంచుల్ని పావు అంగుళానికో గాటు పెట్టండి, కుట్టు మాత్రం తెగకూడదు. ఉతికితే అంచులు పువ్వుల్లా విచ్చుకుంటాయి. లుంగీ గుడ్డ, ఫ్లానెల్, ఖద్దరు లాంటి కాస్త వదులు నేతవి బాగా విచ్చుకుంటాయి. సింథటిక్‌వి విచ్చుకోవు. మొదటి రెండు ఉతుకుల్లో పీచు చాలా రాలుతుంది, మిషన్ ఫిల్టరు శుభ్రం చేయడం మరవకండి.

రోజుకి రెండు చదరాలు కుడితే 15 రోజుల్లో చదరాలన్నీ తయారు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి కూడా వీలవుతుంది. లుంగీల బొంత ఇప్పుడు మా ఆయన టీవీ చూసేటప్పుడు కాళ్ళ మీద కప్పుకుంటున్నారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు మీద విడిగా దళసరి దుప్పట్లు కప్పకూడదని, పక్కన మెత్తటి దిండ్లు పెట్టకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. ముఖం మీదికి వస్తే వాళ్ళు తీసేసుకోలేరు. కాబట్టి పసిపాపకి ఇచ్చే బొంత, మనం పక్కనుండగా నేల మీద పరిచి ఆడించడానికి. కప్పుకోవడం తర్వాత.

చివరికి

అమ్మ బొంతకి పైపొర మూడు చీరల ముక్కలతో కుదిరింది. అడుగున తెల్ల మంగళగిరి ఉంటే బాగుంటుందని ఆ చీరలో సగం అట్టేపెట్టి, చాలనంత మేర అమ్మ ఇంట్లో కట్టుకునే చుక్కల చీర పట్టీ అతికాను. మధ్యలో ఒక పొర ఆకుపచ్చ చీర. ఇంకా రెండు పొరలు కావాలి.

అప్పుడు అటక మీది పాడైన బొంత దించాను. ఒక పూటంతా కూర్చుని కుట్లు విప్పాను. పాలిస్టర్ దూది తీసి పక్కన పెట్టి, అయిదు చీరల్నీ మళ్ళీ వెలుతురుకి పట్టి చూశాను. మచ్చలు పడ్డాయి, కుట్టు వెంబడి చిరిగాయి. కానీ గడుల నడిమి గుడ్డ చాలావరకు బాగానే ఉంది. మెరూన్ ముక్కల్ని విడిగా, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఏడుసార్లు ఉతికాను. వాటన్నిటినీ అతికితే సరిగ్గా రెండు పొరలయ్యాయి. అలా నావి అయిదూ అక్కవి నాలుగూ, తొమ్మిది చీరలూ ఒకే బొంతలోకి వచ్చాయి.

కుట్టడానికి రెండు నెలలు పట్టింది. అక్క అప్పుడప్పుడూ వచ్చి అవతలి చివర కూర్చుని తనూ కుట్టేది. తన కుట్టు నాకన్నా పొడుగు, ఇప్పటికీ చూడగానే తెలుస్తుంది. లోపల ఏమున్నాయో చెప్పినప్పుడు, బొంతని చేత్తో నొక్కి చూస్తూ, "నీలం చీర ఎక్కడుంది?" అని అడిగింది. చూపించాను. అంతే, ఇంకేమీ అనలేదు, సూది తీసుకుంది.

పాపకి ఇప్పుడు రెండేళ్ళు దాటాయి. ఆ బొంతని ఇల్లంతా ఈడ్చుకుని తిరుగుతుంది. పోయిన నెల ఒక మూల రెండు వరసల దారం తెగిందని అక్క పట్టుకొచ్చింది. గుడ్డ చెక్కుచెదరలేదు, దారమే తెగింది. పావుగంటలో మళ్ళీ కుట్టి ఇచ్చాను.

మీ ఇంట్లో కూడా అలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చేలోపు ఒక్క చీర తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూడండి. కత్తెర మాత్రం, పాత లుంగీ మీద చెయ్యి అలవాటయ్యాకే పట్టుకోండి.